తెరకు ఆవలి గది — సంచార మానసిక చికిత్సపై ఒక విమర్శ

దంతవైద్యుడు ఊరు మారవలెనంటే కుర్చీ, దీపం, పళ్ళు తొలిచే యంత్రం అన్నీ బండిలో వేసుకొని పోవలసి ఉంటుంది. శస్త్రవైద్యుని సంగతి చెప్పనక్కర లేదు. కంటివైద్యునికి తక్కువలో తక్కువ ఒక చీకటి గదైనా కావలెను. మాటలతో మనోవ్యాధులకు చికిత్స చేసేవారికి మాత్రం పనిముట్లంటూ ఏవీ కనబడవు. రెండు కుర్చీలు, మూసిన తలుపు, సుమారు యాభై నిమిషాల కాలం — పైకి చూడగా ఇంతే. అందుచేత ఇంటర్నెట్ వచ్చిన తరువాత సంచిలో పెట్టుకొని పోదగిన వృత్తి ఏదైనా ఉన్నదంటే అది ఇదేనని చాలామందికి తోచినది. కుర్చీల స్థానంలో రెండు తెరలు వచ్చినవి. తెర ఎక్కడ ఉంటే గది అక్కడే కదా!

అమెరికాలో ఈ ఆలోచన 2020 తరువాత బలపడినది. కోవిడ్ వ్యాధి వ్యాపించిన ఆ సంవత్సరం చికిత్సకులు తమ గదులు మూసివేసి, ఇళ్ళలో కూర్చుండి వీడియో ద్వారా రోగులతో మాట్లాడవలసి వచ్చినది. ఇల్లు చికిత్సాలయం కాగలిగినప్పుడు హోటలు గది ఎందుకు కాకూడదు, సముద్రతీరంలోని బస ఎందుకు కాకూడదు అని కొందరు అడిగినారు. పగలు దేశసంచారం, మిగిలిన వేళ స్వదేశంలోని రోగులతో సంభాషణ. దీనిని సమర్థించేవారి వాదం క్లుప్తంగా ఇది: వీడియో చికిత్స ముఖాముఖి చికిత్సకు తీసిపోదని పరిశోధనలు రుజువు చేసినవి, వీడియోకు దూరంతో నిమిత్తం లేదు, కాబట్టి చికిత్సకుడు ఎక్కడ ఉన్నా ఒకటే. ఈ మూడింటిలో మొదటిది చాలావరకు నిజం. రెండవది సగం నిజం. మూడవది మొదటి రెండింటినుండి రాదు.

నేను భౌతికశాస్త్రం చెప్పేవాడిని. మానసిక చికిత్స నా శాస్త్రం కాదు. అయితే ఒక ప్రయోగం దేనిని రుజువు చేసినది, దేనిని చేయలేదు అన్న ప్రశ్న ఏ శాస్త్రంలోనైనా ఒకటే. మా ప్రయోగశాలలో రసాయన తులను ఒక బల్లమీదనుండి మరొక బల్లమీదికి మార్చితే, మట్టం సరిచూడకుండా దానితో తూచనివ్వము. తుల అదే, తూనికరాళ్ళు అవే, తూచే విద్యార్థీ అతడే. అయినా బల్ల మారినది. పాత బల్లమీద వచ్చిన ఫలితాన్ని కొత్త బల్లకు అంటగట్టితే ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు. సంచార చికిత్సను గురించి నాకు గల అభ్యంతరం ముఖ్యంగా ఇటువంటిదే.

వైద్యుడు ప్రయాణంలో ఉండి రోగిమాట వినుట కొత్త విషయం కాదని ముందుగా ఒప్పుకోవలెను. ఈ చికిత్సకు మూలపురుషుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో బ్రాయర్‌తో కలిసి ప్రకటించిన గ్రంథంలో కాతరీనా అనే యువతి కథ ఉన్నది. ఫ్రాయిడ్ సెలవుల్లో ఆల్ప్స్ కొండలు ఎక్కి ఒక సత్రంలో విశ్రమించగా, అక్కడ పనిచేసే ఆ యువతి ఆయన వైద్యుడని తెలిసికొని తన ఆయాసాన్ని గురించి అడిగినది; ఆయన అక్కడే ఆమెతో సంభాషణ జరిపినాడు. 1910 ఆగస్టులో ప్రసిద్ధ సంగీతకారుడు గుస్తావ్ మాలర్, హాలండులో సెలవులు గడుపుతున్న ఫ్రాయిడ్‌ను వెదుక్కుంటూ పోయి, లైడెన్ పట్టణ వీథులలో ఆయనతోబాటు నాలుగు గంటలసేపు నడుస్తూ తన బాధ చెప్పుకొన్నాడు. ఈ రెండు ఉదాహరణలను నేటివారు సంతోషంగా తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చును. కాని రెండింటిలోనూ వైద్యుడు, రోగి ఒకే చోట ఉన్నారు; ఒకే గాలి పీల్చినారు. రెండూ ఒక్కసారితో ముగిసిన సంభాషణలు. వారం వారం సాగిన చికిత్సలు కావు. పైగా కాతరీనాను సత్రం యజమానురాలి మేనకోడలని వ్రాసిన ఫ్రాయిడ్, 1924లో అదే కథకు వ్రాసిన అధోజ్ఞాపికలో ఆమె నిజానికి యజమానురాలి కుమార్తె అని వెల్లడించినాడు. ఒక కుటుంబ రహస్యం బయటపడకుండా మొదట బంధుత్వమే మార్చి వ్రాయవలసి వచ్చినదన్నమాట. గోప్యత ఈ వృత్తికి ఎంత అవసరమో మొదటినుండీ తెలిసినవారే.

ఇక తెరమీద చికిత్స. ఇది కూడా మనం అనుకొనేంత కొత్తది కాదు. అమెరికాలోని ఒమాహా నగరంలో నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉండేది. అక్కడి సెసిల్ విట్సన్, ఆయన సహచరులు 1959 ప్రాంతంలోనే రెండువైపులా బొమ్మా, మాటా పోయే టెలివిజన్‌ను బోధనకూ, సామూహిక చికిత్సకూ వాడి చూచినారు. 1964లో ఆ సంస్థను 112 మైళ్ళ దూరంలోని నార్‌ఫోక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలతో ఈ పద్ధతిలో కలిపినారు. ఆ రోజులలో టెలివిజన్ కెమెరా అంటే ఒక మనిషి మోయలేని వస్తువు. గది మారడమన్న ఊహ ఎవరికీ కలుగలేదు. ఈ చరిత్రలో గమనింపవలసినది ఇదే: దూరచికిత్స పుట్టినప్పుడు దాని రెండు కొనలూ భూమిలో పాతుకొని ఉన్నవి.

తరువాత వచ్చిన పరిశోధనలను కొంచెం దగ్గరగా చూడవలెను. ఎందుకంటే ‘రుజువైనది’ అనే మాట వీటిమీదనే ఆధారపడి ఉన్నది. 2007లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఓరైలీ, ఆయన సహచరులు 495 మంది రోగులను చీట్లు తీసినట్లు రెండు వర్గాలుగా విభజించినారు. 254 మందిని మానసిక వైద్యులు ఎదురుగా చూచినారు; 241 మందిని వీడియో ద్వారా చూచినారు. ఫలితాలు సమానంగా వచ్చినవి. వీడియో పద్ధతికి ఖర్చు తలకు కనీసం పది శాతం తగ్గినది. ఇది మంచి పరీక్ష, మంచి ఫలితం. కాని ఇందులో పరీక్షకు పెట్టినది మానసిక వైద్యుని సలహా, తరువాతి పర్యవేక్షణ. ఏళ్ళ తరబడి సాగే సంభాషణ చికిత్స కాదు.

2010లో ప్రకటితమైన హవాయి దీవుల పరీక్ష ఇంకా ఆసక్తికరమైనది. యుద్ధాల్లో పాల్గొని మనసు గాయపడి, కోపం అదుపు చేసుకోలేని 125 మంది మాజీ సైనికులకు లెస్లీ మోర్లాండ్ బృందం సామూహిక చికిత్స జరిపినది. కొన్ని గుంపులకు చికిత్సకుడు గదిలో ఉన్నాడు. కొన్ని గుంపులకు తెరమీద ఉన్నాడు. కోపం తగ్గుటలో తెర చికిత్స తీసిపోలేదు. హాజరులో గాని, తృప్తిలో గాని చెప్పుకోదగిన తేడా లేదు. ఒక్కచోట మాత్రం తేడా కనబడినది: చికిత్సకునితో, గుంపుతో ఏర్పడే బాంధవ్యాన్ని కొలిచినప్పుడు ఎదురుగా ఉన్న గుంపులకు ఎక్కువ మార్కులు వచ్చినవి. సమర్థకులు మొదటి ఫలితాన్ని చెప్పి రెండవదానిని తరచు మరచిపోతారు. ఆ రెండవ ఫలితం ఒక్కటే దూరచికిత్సను కొట్టివేయదు. కాని తెర దాటి రానిది ఏదో ఉన్నదని మాత్రం అది చెబుతున్నది.

ఇక్కడ ‘తీసిపోదు’ అనే మాటకు శాస్త్రీయమైన అర్థం మన ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పదగినది. పరిశోధకులు ముందుగా ఒక హద్దు నిర్ణయించుకొంటారు. కొత్త పద్ధతి పాతదానికన్నా ఆ హద్దును మించి వెనుకబడలేదని లెక్క తేల్చితే ‘తీసిపోదు’ అంటారు. అంటే రెండూ అచ్చంగా ఒకటే అని కాదు. పరీక్షించిన పరిస్థితులలో, కొలిచిన విషయంలో, అంగీకరించిన హద్దులోపల ఉన్నవని. ఈ మూడు షరతులు చెరిపివేసి మిగిలిన ఒక్క మాటను ప్రచారం చేయుట సైన్సు పేరుతో సైన్సుకు చేసే అన్యాయం.

2017లో ఎసియర్నో, ఆయన సహచరులు 132 మంది మాజీ సైనికులతో చేసిన పరీక్షలో రోగులు తమ ఇళ్ళలోనే ఉండి చికిత్స పొందినారు. ఆస్పత్రికి వచ్చినవారికన్నా వీరికి ఫలితం తక్కువ కాలేదు. అనగా రోగివైపు కొన కదలవచ్చునా అన్న ప్రశ్నను సూటిగా అడిగి పరీక్షించినారు. మరి చికిత్సకునివైపు కొన? పైన చెప్పిన ఏ పరీక్షలోనూ అది చలరాశి కాదు. ఈ వారం ఒక నగరంలో, పై వారం మరో దేశంలో, ఆపై వారం ఓడమీద ఉన్న చికిత్సకుడు ఆ పట్టికలలో లేడు. కాబట్టి ఆ పట్టికలు చూపి అతనికి యోగ్యతాపత్రం ఇచ్చుట తగదు.

ఇంతకూ బల్ల మారితే ఏమి మారుతుంది? అన్నిటికన్నా ముఖ్యమైనది నిశ్శబ్దం.

మనుషులు మాట్లాడుకొనేటప్పుడు ఒకరి మాట ముగిసి మరొకరు అందుకొనేందుకు పట్టే వ్యవధి ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. 2009లో స్టీవర్స్ మొదలైనవారు పది భాషలలో ప్రశ్నలు, జవాబులు కొలిచి చూడగా సగటున ఇది సుమారు 200 మిల్లీసెకన్లు, అనగా సెకనులో అయిదవ వంతు అని తేలినది. జపాను భాషలో ఇంకా తక్కువ, డేనిష్ భాషలో ఎక్కువ. (తెలుగు ఆ పదింటిలో లేదు. మన కళాశాలలలో ఎవరైనా కొలవదగిన విషయం. రెండు మైకులు, ఒక కంప్యూటరు చాలు.) ఈ అలవాటైన వ్యవధికన్నా జవాబు ఆలస్యమైతే వినేవాడు దానికి అర్థం వెదుకుతాడు: సందేహిస్తున్నాడా? దాస్తున్నాడా? నొచ్చుకొన్నాడా? సామాన్య సంభాషణలోనే ఇట్లా ఉంటే, మౌనాన్నే ఒక సాధనంగా వాడే చికిత్సలో చెప్పనక్కర లేదు. ఎప్పుడు మాట్లాడవలెనో తెలియడంకన్నా ఎప్పుడు ఊరుకోవలెనో తెలియడం ఆ వృత్తిలో కష్టమని అనుభవజ్ఞులు అంటారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదునుండి న్యూయార్కుకు భూగోళం వెంట సుమారు 13 వేల కిలోమీటర్లు. తీగ నేరుగా ఉన్నదనుకొంటే ఒకవైపు 65 మిల్లీసెకన్లు. ఇది పెద్ద ఆలస్యం కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సంభాషణకు బాధ లేదని సిఫారసు చేసే 150 మిల్లీసెకన్ల హద్దుకు ఇది లోపలే. కాబట్టి దూరానికి భయపడనక్కర లేదన్న సమర్థకుల మాట ఇంతవరకు సరియే. కాని ఓడమీదనో, కొండమీదనో ఉండి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండే భూస్థిర ఉపగ్రహం ద్వారా మాట్లాడితే, మాట పైకిపోయి కిందికి వచ్చేసరికే 240 మిల్లీసెకన్లు. ప్రశ్న పోయి జవాబు రావడానికి దాదాపు అర సెకను. దిగువ కక్ష్యలో తిరిగే కొత్త ఉపగ్రహాలు దీనిని బాగా తగ్గించినవి. అసలు చిక్కు దూరంలో లేదు, అనిశ్చితిలో ఉన్నది. నూరుమంది ఒకే రేడియో తరంగాన్ని పంచుకొనే హోటలులో సమాచారపు పొట్లాలు ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తాయి. కొన్ని అసలే రావు. ఆలస్యం నిలకడగా ఉంటే మనసు సర్దుకొంటుంది. నిమిషానికొకలా మారితే సర్దుకోలేదు.

దీని ఫలితమేమి? 2014లో జర్మనీ పరిశోధకులు షోనెన్‌బెర్గ్, రాకె మొదలైనవారు ఒక విచిత్రాన్ని గమనించినారు. తీగలో ఆలస్యం ఉన్నప్పుడు మాట్లాడేవారు తప్పు తీగది అనుకోరు. అవతలి మనిషి శ్రద్ధగా వినడం లేదనుకొంటారు. యంత్రదోషం మనిషి స్వభావదోషంగా కనబడుతుంది. ఎన్నో రోజులు తటపటాయించి తన దుఃఖం బయటపెట్టిన రోగికి, ఆ క్షణంలో తెరమీద చికిత్సకుడు అర సెకను కదలకపోతే, ఆ అర సెకను ఏమి చెబుతుందో ఊహించుకోవచ్చును. అది మౌనం కాదు, మౌనానికి నకిలీ.

మన ఊళ్ళలో కథ చెప్పేవారికి ఎదుట ఎవరో ఒకరు ఊఁ కొట్టవలెను. ఊఁ లేకపోతే కథ ఆగిపోతుంది. ఆ ఊఁ సరియైన చోట పడవలెను. ఆలస్యంగా వచ్చిన ఊఁ తరువాతి వాక్యంమీద పడి దానినే తుంచివేస్తుంది. వీడియో ప్రోగ్రాములలో మాట కాని ధ్వనిని రొదగా ఎంచి అణచివేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. చుట్టూ సందడి ఉన్నచోట కూర్చున్నవాడు దానిని గట్టిగా వాడుకోక తప్పదు. అది బజారు రొదతోబాటు అతని ఊఁనుకూడ మింగివేయవచ్చును. ఊఁ మాట కాదు, నిట్టూర్పు మాట కాదు. చికిత్సలో వాటికి మాటకన్న తక్కువ విలువ లేదు. 2020లో నేను కొన్ని నెలలపాటు నల్లని చతురస్రాలను చూస్తూ ఉష్ణగతిశాస్త్రం బోధించినాను. ఊఁ కొట్టేవారు లేక రెండవ నియమం చెబుతూ మధ్యలో ఆగి, ‘ఉన్నారా?’ అని అడిగేవాడిని. పాఠమే అట్లా ఆగిపోతే, ఇక ఏడుపు గొంతులో పెట్టుకొని మాట్లాడేవారి సంగతి వేరే చెప్పవలెనా?

చూపు విషయంలో చిన్న త్రికోణమితి ఉన్నది. రోగి కళ్ళు తెరమీద ఒకచోట, కెమెరా దానికి పది సెంటీమీటర్ల పైన. తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఈ రెంటిమధ్య కోణం దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు. అవతలివారికి మీరు కిందికి చూస్తున్నట్లు కనబడుతుంది. 120 సెంటీమీటర్ల వెనుకకు జరిగితే కోణం అయిదు డిగ్రీలలోపల పడుతుంది. మిల్టన్ చెన్ 2002లో చేసిన ప్రయోగాల ప్రకారం కిందివైపు ఈమాత్రం తేడాను మనిషి కన్ను సాధారణంగా పట్టుకోదు. కనుక పెద్ద తెర, వెనుకకు జరిగేందుకు చోటు, మంచి వెలుతురు ఉన్న స్థిరమైన గదిలో ఈ దోషాన్ని తొలగించవచ్చును. ఒళ్ళో చిన్న కంప్యూటరు పెట్టుకొని మంచంమీద కూర్చున్నవానికి అది సాధ్యం కాదు.

గోడలకు చెవులుంటాయన్నది మనకు తెలిసినదే. సంచారచికిత్సకులు తమ సంభాషణ సంకేతభాషలో పోతుందనీ, దారిలో ఎవరూ వినలేరనీ చెబుతారు. తీగవరకు అది నిజమే. కాని సంకేతరక్షణ తీగకే గాని గోడకు లేదు. మామూలు మాట తీవ్రత సుమారు 60 డెసిబెల్‌లు. పలుచని అడ్డుగోడ 30 డెసిబెల్‌లు తగ్గించినదనుకొందాం; పక్కగదిలో మిగిలేది 30. రాత్రివేళ నిశ్శబ్దంగా ఉన్న గదిలో చెవి ఒగ్గేవానికి అది చాలు. చెవులలో పెట్టుకొనే ఫోన్లు రోగి గొంతును దాస్తాయి. చికిత్సకుని గొంతును దాచవు. ‘మీ తండ్రిగారు ఆ మాట అన్నప్పుడు మీకేమి అనిపించినది?’ అన్న ఒక్క ప్రశ్న పక్కగదివానికి సగం కథ చెప్పివేస్తుంది. సొంత గదిలో ఒకసారి పరీక్షించి, తలుపు సందులు మూసి నిశ్చింతగా ఉండవచ్చును. వారానికొక గదిలో ఉండేవాడు వారానికొకసారి ఈ పరీక్ష చేస్తున్నాడా?

కాలంకూడ ఒక స్థలమే. న్యూయార్కులో వేసవిలో ఉదయం పది గంటలైనప్పుడు ఇండొనీషియాలోని బాలీ దీవిలో రాత్రి పది. అక్కడి సాయంకాలం ఆరువరకు రోగులను చూడవలెనంటే బాలీలో ఉన్నవారు తెల్లవారు ఆరువరకు మేలుకోవలెను. తెల్లవారుజామున దేహోష్ణం, చురుకుదనం అత్యల్పంగా ఉంటాయి. 1997లో డాసన్, రీడ్ అనే శాస్త్రజ్ఞులు 17 గంటలు మేలుకొని ఉన్నవారి చేతి, కంటి సమన్వయం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానమైన స్థాయికి పడిపోతుందని చూపినారు. నెలల తరబడి అక్కడే ఉండి పగలు నిద్రించేవారు కొంత అలవాటు పడగలరు, ఆ మాట ఒప్పుకొంటాను. అయితే పగలు నిద్రపోవడానికి బాలీ దాకా పోవడమెందుకో నాకు బోధపడలేదు.

ఇప్పటివరకు చెప్పినవి నాణ్యతకు సంబంధించినవి. ఆపద సంగతి వేరు. మాట్లాడుతూ మాట్లాడుతూ రోగి తన ప్రాణం తీసుకొంటానన్నప్పుడు, చికిత్సకుడు రోగి ఉన్న ఊరి ఆపత్సహాయకులను పిలవవలెను. అత్యవసర ఫోను సంఖ్యలు ఫోను చేసినవాడున్న చోటికి కలుపుతాయి గాని రోగి ఉన్నచోటికి కాదు. ఎడిన్‌బరోనుండి అమెరికా సంఖ్య 911 నొక్కితే టెక్సాసులోని పోలీసు పలకడు. అందుచేతనే రోగి ఈ పూట ఎక్కడ ఉన్నాడో ప్రతి సంభాషణ మొదట్లో అడిగి, అక్కడి సహాయకేంద్రం నేరు సంఖ్యను ముందే వ్రాసిపెట్టుకొనుట ఈ వృత్తిలో మంచి పద్ధతిగా స్థిరపడినది. ఇది చేసేవారు చాలామంది ఉన్నారు. చేసినా, ఆ క్షణంలో హోటలు ఇంటర్నెట్ ఆగిపోతే రోగి చీకటిలో మిగులుతాడు.

చట్టంకూడ ఈ విషయాన్ని స్థలంతోనే ముడిపెట్టినది. అమెరికాలో అనుమతి రాష్ట్రంవారీగా ఇస్తారు. చికిత్స జరిగే వేళ రోగి ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ రాష్ట్రపు అనుమతి సాధారణంగా కావలెను. ఈ ఇబ్బంది తీర్చడానికి మనస్తత్వవేత్తల కోసం సైప్యాక్ట్ అనే అంతర్రాష్ట్ర ఒప్పందం 2020లో అమలులోకి వచ్చినది. నలభైకి పైగా రాష్ట్రాలు అందులో చేరినవి. ఒప్పందం పేరు విని హద్దులన్నీ తొలగిపోయినవనుకొనేవారు అందులోని ‘స్వరాష్ట్రం’ నిర్వచనం చదవవలెను. ఒకటికి మించిన రాష్ట్రాల అనుమతి ఉన్న మనస్తత్వవేత్తకు, సేవ అందించే వేళ అతడు శరీరంతో ఏ రాష్ట్రంలో ఉన్నాడో అదే స్వరాష్ట్రం. మాట హద్దు దాటుటకు వీలు కల్పించిన పత్రమే మనిషి ఎక్కడ ఉన్నాడని అడుగుతున్నది. ఆ ప్రశ్న వ్రాసినవారు వెనుకబడినవారు కారు. ఫిర్యాదు వస్తే విచారించేది ఎవరో తెలియాలి కదా.

మన దేశంలో 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శక సూత్రాలు, నమోదైన వైద్యుడు దేశంలో ఏ మూలనున్న రోగికైనా దూరసలహా ఇవ్వవచ్చునని స్పష్టం చేసినవి. దేశపు పరిధికి బయటి సంప్రదింపులు మాత్రం తమ కిందికి రావని చెప్పినవి. ఇది మనకు నేరుగా తగిలే విషయం. అమెరికాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థి మనసు కుంగినప్పుడు తెలుగులోనే చెప్పుకోవాలనుకొనుట సహజం. దిగులుకూ, బెంగకూ తేడా ఇంగ్లీషులో చెప్పడం ఎవరివల్లనవుతుంది? హైదరాబాదులోని చికిత్సకునితో అతడు వీడియోలో మాట్లాడితే ఆ సంభాషణ రెండు దేశాల చట్టాలమధ్య వ్రేలాడుతుంది. ఆ చికిత్సకుడు సెలవులకు సింగపూరు పోయి అక్కడినుండి మాట్లాడితే మూడు దేశాలు. ఈ విద్యార్థి అవసరం నిజమైనది. దానిని తీర్చే సక్రమమైన దారి ప్రభుత్వాలు వేయవలెనేగాని, ‘ఎక్కడినుండైనా’ అనే ఒక్క మాటతో దాటవేయరాదు.

దూరచికిత్సను నేను వ్యతిరేకిస్తున్నానని పాఠకులు అనుకోరాదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో 2000 సంవత్సరంలో దూరవైద్య కేంద్రం నెలకొన్నప్పుడు నగరవైద్యుడు పల్లెకు తెరమీద వచ్చినాడు, అది మేలే. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా, రాత్రింబగళ్ళు, తెలుగులోకూడ మాట్లాడవచ్చును. ఉపాధ్యాయులు ఈ సంఖ్యను తరగతి గోడమీద వ్రాసి ఉంచితే బాగుంటుంది. ఈ సేవ కట్టడి చూడండి: పిలిచేవారు పొలంలో ఉండవచ్చు, బస్సులో ఉండవచ్చు, పలికేవారు మాత్రం ఒక నిర్ణీత కేంద్రానికి చెందినవారు, వారి వెనుక పైస్థాయి వైద్యులూ, అవసరమైతే పంపదగిన వైద్యశాలలూ ఉన్నారు. ఒక కొన స్వేచ్ఛగా కదలడానికి వీలైనది రెండవ కొన నిలకడగా ఉన్నందువల్లనే.

సమర్థకుల పక్షాన ఒక మాట మిగిలి ఉన్నది. భర్త ఉద్యోగరీత్యా ఊళ్ళు మారే చికిత్సకురాలు, ముసలి తల్లిని చూడడానికి రెండు నెలలు ఊరికి పోయే చికిత్సకుడు — వీరు రోగిని మధ్యలో విడిచిపెట్టడంకన్నా వీడియోలో కొనసాగించుట మేలు కాదా? మేలే. వీరు ఒకచోటినుండి మరొక చోటికి మారినవారు; కొత్త బల్లమీద మట్టం సరిచూచుకొని కూర్చున్నవారు. నా విమర్శ నిత్యసంచారాన్ని గురించినది.

దీనికి పరీక్ష కష్టం కాదు. అదే చికిత్సకుడు, అవే రోగులు. చీట్లు తీసి కొన్ని వారాలు సొంత గదినుండి, కొన్ని వారాలు ప్రయాణపు బసలనుండి మాట్లాడవలెను. ఎన్నిసార్లు మాట తెగినది, జవాబు వ్యవధి ఎంత మారినది, రోగి బాంధవ్యాన్ని ఎట్లా అంచనా కట్టినాడు, చికిత్స మధ్యలో ఎందరు మానివేసినారు — ఇవన్నీ కొలవదగినవే. ఒక్క చిక్కు మాత్రం ఉన్నది. పరీక్ష నిష్పక్షపాతంగా ఉండవలెనంటే చికిత్సకుడు ఈ వారం ఎక్కడ ఉన్నాడో రోగికి తెలియకుండా ఉంచవలెను. వీడియో ప్రోగ్రాములు వెనుక పుస్తకాల బీరువా బొమ్మ పెట్టి దానికి సాయపడతాయి; చాలామంది ఇప్పుడే పెడుతున్నారు. ఆ బొమ్మ వెనుక హోటలు గోడ ఉన్నదని తెలిసికొనే హక్కు రోగికి ఉన్నదా, లేదా? పరీక్ష రూపొందించేవారు మొదట ఈ ప్రశ్నకు జవాబు వ్రాసుకోవలసి ఉంటుంది.